పదే పదే పొలమారే రోగికి ఏ ఆపరేషన్ మేలు?

పక్షవాతంతో మింగలేని మనిషికి న్యుమోనియా తిరగబెడుతూ ఉంటే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "మెడకు గొట్టం వేయించాం, పొట్టకు తిండి గొట్టం, అదే పెగ్, వేయించాం. ఇంకా ఊపిరితిత్తుల్లోకి ఏం పోతోంది?"

పోయేది ఉమ్మి. రోజుకు లీటరుకు అటూఇటూగా ఊరుతుంది. పెగ్ తిండికి దారి చూపుతుంది గాని ఉమ్మిని ఆపదు, పొట్టలోంచి ఎగదన్నేదాన్నీ ఆపదు. మెడ గొట్టం (ట్రకియాస్టమీ) చుట్టూ ఉండే బుడగ, అంటే కఫ్‌లో గాలి నింపినా, దానిపైన చేరిన ఉమ్మి అంచుల వెంట దిగుతూనే ఉంటుంది. పీడనం 30 సెంటీమీటర్ల నీటిమట్టం దాటేలా బిగిస్తే శ్వాసనాళం లోపొర పుండు పడుతుంది. నాలుక మీద నీలం రంగు చుక్క వేసి, కాసేపాగి గొట్టంలో సక్షన్ పెట్టండి. నీలంగా వస్తే ఉమ్మి దిగుతున్నట్టే. రాకపోయినా నిశ్చింత వద్దు, ఎండోస్కోప్‌తో మింగుడు పరీక్ష చేయించాలి.

ఆపరేషన్ ఏదో తేల్చేది నా లెక్కలో మాట. రోగి అర్థమయ్యేలా మాట్లాడుతున్నాడా?

మాట్లాడుతుంటే దాన్ని కాపాడే దారే ముందు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఒకవైపు స్వరతంత్రి పడిపోయినవారికి ఆ తంత్రిని ఉబ్బించే హయలురోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ కొన్ని నెలలు ఆసరా ఇస్తుంది. ఆలోగా నరం కోలుకోకపోతే థైరోప్లాస్టీ చేస్తారు, అంటే ఇంప్లాంట్ పెట్టి స్వరతంత్రిని మధ్యకు నెడతారు. మెడకు మాత్రమే మత్తిచ్చి, రోగిని మాట్లాడిస్తూ ఇంప్లాంట్ సరిచేస్తారు. దగ్గుకు బలం వస్తుంది. గొంతులో స్పర్శే పోయినవారికి మాత్రం ఇదొక్కటే చాలదు. ఉమ్మి తగ్గేందుకు లాలాజల గ్రంథులకు బొటాక్స్ ఇంజెక్షన్, మింగుడు దారి వదులయ్యేందుకు అన్నవాహిక పైకండరం కోయడం ఎంచిన కొందరికే.

మాట లేదు, కొన్ని నెలలు చూసినా మింగుడు తిరిగి రాలేదు అంటే స్వరపేటికనూ శ్వాసనాళాన్నీ వేరుచేయడమే మేలు. 1975లో లిండెమన్ అనే వైద్యుడు చూపిన పద్ధతి నుంచి వచ్చిందిది. శ్వాసనాళాన్ని అడ్డంగా కోసి, పైముక్కను కుట్టేసి, కిందిముక్కను మెడ చర్మానికి తెరుస్తారు. ఉమ్మికి ఊపిరితిత్తుల దారే ఉండదు. తొలి వారాల్లో పైకుట్టు ఊడి ఉమ్మి బయటికి కారడం దీని ప్రధాన సమస్య. అంతకుముందే ట్రకియాస్టమీ ఉంటే ఆ ముప్పు ఎక్కువ.

స్వరపేటిక మొత్తం తీసేయడమూ అంతే గట్టిగా ఆపుతుంది గాని వెనక్కి రాదు. రేడియేషన్‌తో స్వరపేటిక పనికిరాకుండా పోయినవారికి అదే సరి. మిగతావారికి నా మొగ్గు వేరుచేయడానికే, ఎందుకంటే అరుదుగానైనా మళ్లీ కలిపే వీలుంటుంది.

రెండింటిలో ఏది చేయించినా ఇక ఊపిరి మెడ నుంచే. ఆక్సిజన్ మాస్కు మెడ రంధ్రం మీదే పెట్టాలి, ముక్కుకు పెడితే ఊపిరితిత్తులకు అందదు. అంబులెన్స్‌వాళ్లకు కనబడేలా ఆ మాట రాసి మంచం తలవైపు అంటించండి.