నిద్ర లేవగానే పడిపోయే డెస్క్‌టాప్‌కు స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్‌లలో ఏది మేలు?

స్లీప్‌లోంచి లేపగానే కంప్యూటర్ క్రాష్ అవుతోందని సర్వీస్ షాపులో చెబితే, ఎక్కువగా వినిపించే జవాబు "ఫార్మాట్ కొట్టేద్దాం సార్". ఒక్కోసారి దాంతోనే బాగవుతుంది కూడా. కానీ డేటా అంతా బ్యాకప్ తీసుకుని సీపీయూ మోసుకెళ్లే ముందు ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. విండోస్ పీసీని ఆపడానికి మూడు దారులు: స్లీప్, హైబర్నేట్, షట్‌డౌన్. వీటిలో దేని తర్వాత పడిపోతోంది, దేని తర్వాత బాగుంటోంది అన్నది గమనిస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. ఏది వాడుకోవాలో కూడా అక్కడే తేలుతుంది.

స్లీప్‌లో ర్యామ్‌కు (చేస్తున్న పనిని తాత్కాలికంగా పట్టి ఉంచే మెమరీ) తప్ప దాదాపు అన్నింటికీ కరెంట్ ఆగిపోతుంది. ఆ కాస్త కరెంట్ ఎస్ఎంపీఎస్‌లోని (సీపీయూ డబ్బాలో కరెంట్ సరఫరా చేసే పెట్టె) 5 వోల్టుల స్టాండ్‌బై లైన్ నుంచి వస్తుంది. లేపినప్పుడు ర్యామ్‌లో ఉన్నది ఉన్నట్టే ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్, యూఎస్‌బీ అన్నీ మళ్లీ సర్దుకోవాలి. హైబర్నేట్‌లో ర్యామ్‌లోని సరుకంతా సీ డ్రైవ్‌లో దాగి ఉండే ఒక ఫైలులోకి వెళ్తుంది. ఆ తర్వాత ప్లగ్ పీకేసినా ఫర్వాలేదు. మళ్లీ ఆన్ చేస్తే బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాం) ర్యామ్‌ను మొదటి నుంచి సిద్ధం చేస్తుంది, విండోస్ ఆ ఫైలును చదువుకుని ఆపిన చోటి నుంచి మొదలవుతుంది.

షట్‌డౌన్ మాత్రం పేరుకే షట్‌డౌన్. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. అది ఆన్‌లో ఉంటే మన ప్రోగ్రాములన్నీ మూసేసినా విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను, డ్రైవర్లతో (ఒక్కో పరికరాన్ని నడిపించే ప్రోగ్రాములు) సహా, హైబర్నేట్ చేసి పెడుతుంది. నిజంగా అన్నీ కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ కొట్టినప్పుడే.

ఇప్పుడు పరీక్ష. ముందు అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్‌లో హైబ్రిడ్ స్లీప్ (స్లీప్‌లోకి వెళ్తూనే హైబర్నేట్ ఫైలు కూడా రాసిపెట్టేది) ఉంటే ఆఫ్ చేయండి, లేకపోతే స్లీప్, హైబర్నేట్ రెండూ కలిసిపోయి లెక్క తప్పుతుంది. హైబర్నేట్ నుంచి చక్కగా లేస్తూ, స్లీప్ నుంచి మాత్రమే పడిపోతుంటే అనుమానం ర్యామ్, బయోస్, ఎస్ఎంపీఎస్‌ల మీదికి వెళ్తుంది. రెండింటి నుంచీ పడిపోతుంటే డ్రైవర్ మీదికి, ఎందుకంటే నిద్రలేచే పని డ్రైవర్లకు రెండుచోట్లా ఉంది. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే గొడవ, రీస్టార్ట్‌కు ఏమీ లేదు అంటే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి చూడాలి. ఇది కోర్టు తీర్పేమీ కాదు, గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే స్లీప్‌లో మొండికేసి హైబర్నేట్‌లో ఊరుకోవడమూ ఉంటుంది. అయినా ఫార్మాట్ కంటే మంచి మొదలు.

అసలు క్రాష్ అంటే ఏమిటో కూడా దగ్గరగా చూడాలి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ "నో సిగ్నల్" అంటోంది అనుకుందాం. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే లోపల విండోస్ బతికే ఉన్నట్టు, బొమ్మ మాత్రమే రావట్లేదు. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది, ఒక్కోసారి స్క్రీన్ అక్కడికక్కడే తిరిగొస్తుంది. అలా వచ్చిందంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి మళ్లీ వేయండి. క్యాప్స్ లాక్ లైటులో చలనం లేకపోతే మొత్తం బిగుసుకుపోయినట్టే అనుకోవచ్చు. బ్లూ స్క్రీన్ మీద "డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్" అని కనబడితే పేరులోనే జవాబుంది. విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 కనబడిందని మాత్రం కంగారుపడి ఎస్ఎంపీఎస్ కొనకండి. కంప్యూటర్ సరిగా ఆగకుండానే మళ్లీ మొదలైందని తప్ప ఆ నంబర్ ఇంకేమీ చెప్పదు.

స్లీప్‌లో మాత్రమే తేడా వస్తుంటే నేను ముందు చూసేది బయోస్‌లోని ఎక్స్ఎంపీ. ర్యామ్‌ను మామూలు వేగం కంటే ఎక్కువలో నడిపే సెట్టింగ్ అది. పనిచేసేటప్పుడు ఏ లోటూ కనబడదు, నిద్రలోంచి లేచేటప్పుడు మాత్రం కొన్ని మదర్‌బోర్డులు తడబడతాయి. దాన్ని ఆఫ్ చేసి రెండు మూడు రోజులు వాడి చూడటానికి రూపాయి ఖర్చు లేదు. ర్యామ్ తీసి కాళ్లను రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా బిగించే మన పాత వైద్యమూ చేయొచ్చు, ప్లగ్ తీసేశాకే సుమా. తర్వాత బయోస్ అప్‌డేట్. అప్పటికీ దారికి రాకపోతేనే ఎవరి దగ్గరైనా మంచి ఎస్ఎంపీఎస్ అడిగి తెచ్చి మార్చి చూడటం.

ఇంత తంటా పడాలా, స్లీప్ మానేస్తే పోదా? చాలా ఇళ్లలో మానేయడమే మేలని నా లెక్క. స్లీప్ గొప్పతనమంతా రెండు మూడు సెకన్లలో లేవడం. కానీ యూపీఎస్ లేని ఇంట్లో హైబ్రిడ్ లేని స్లీప్ అంటే, మధ్యాహ్నం కరెంట్ పోతే సేవ్ చేయని పనంతా గోవిందా. హైబర్నేట్‌కు ఆ టెన్షన్ లేదు. హార్డ్‌డిస్క్‌కు బదులు వేగంగా చదివే ఎస్ఎస్‌డీ ఉంటే అరనిమిషం లోపే లేచేస్తుంది. హార్డ్‌డిస్క్ మీద మాత్రం ఓపిక పట్టాలి, అక్కడ దీన్ని సిఫార్సు చేయను.

హైబర్నేట్‌తో ఎస్ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం అక్కర్లేదు. 16 జీబీ ర్యామ్ ఉంటే ఆ ఫైలు మామూలుగా అందులో 40 శాతం, అంటే 6.4 జీబీ. రోజుకోసారి నిండా రాసినా ఏడాదికి 2.3 టీబీ, మామూలు 500 జీబీ ఎస్ఎస్‌డీకి కంపెనీలు చెప్పే పరిమితి వంద టీబీకి పైనే. కరెంటు బిల్లు వాదన కూడా అంతే. స్లీప్‌లో 4 వాట్లు తాగే పీసీ రోజుకు 16 గంటలు నిద్రపోయినా నెలకు రెండు యూనిట్లు కాదు. బిల్లు కోసం స్లీప్ మానేయనక్కర్లేదు, క్రాష్ కోసం మానేయాలి.

రోజులో పదిసార్లు లేచి కూర్చునేవాళ్లకు, యూపీఎస్ ఉన్న ఆఫీసు పీసీకి మాత్రం స్లీప్‌ను బాగుచేసుకోవడమే సరి. బాగయ్యాక హైబ్రిడ్ స్లీప్ మళ్లీ ఆన్ చేస్తే వేగమూ ఉంటుంది, కరెంట్ పోయినా పని పోదు. రోజుకోసారి బ్రౌజర్ తెరిచి మూసేవాళ్లకు ఫాస్ట్ స్టార్టప్ తీసేసిన షట్‌డౌన్ చాలు, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

హైబర్నేట్ డెస్క్‌టాప్ పవర్ మెనూలో మామూలుగా కనబడదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలోకి వెళ్లి, అందుబాటులో లేని సెట్టింగ్స్ మార్చే లింక్ నొక్కితే టిక్ పెట్టే గడి వస్తుంది. ఫాస్ట్ స్టార్టప్ కూడా అక్కడే ఉంటుంది. సీపీయూ మీది బటన్ నొక్కితే హైబర్నేట్ అయ్యేలా కూడా అదే పేజీలో పెట్టేయండి, ఇంట్లో ఎవరు ఆపినా అదే జరుగుతుంది.