గోపాల్‌పూర్ దీపం చూడాలంటే రాత్రి అక్కడే ఉండాలి

ఒడిశాలోని బరంపురం నుంచి సముద్రతీరాన ఉన్న గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లే. అందుకే చాలామంది మధ్యాహ్నం వెళ్లి, లైట్‌హౌస్ ఎక్కి, చీకటి పడేలోపు తిరుగుముఖం పడతారు. ఇచ్ఛాపురం నుంచి మేమూ రెండుసార్లు అలాగే వెళ్లి వచ్చాం. మూడోసారి నాన్నగారితో వెళ్లి రెండు రాత్రులు ఉన్నాకే తెలిసింది, ఆ దీపం పని మొదలుపెట్టేది మనం ఇంటిదారి పట్టిన తర్వాతేనని.

బస విషయంలో ఒక మాట. సముద్రం కనిపించే గది అని ఫోనులో గట్టిగా చెప్పిన లాడ్జి, తీరా వెళ్లాక వెనకవైపు గది ఇచ్చింది. కిటికీ తీస్తే జనరేటరు. గది మార్చమని అడిగితే రేపు చూద్దామన్నారు. కుళాయిలో నీళ్లు ఉప్పన. మర్నాడు ఉదయమే ఖాళీ చేసి, తీరానికి రెండు వీధుల వెనక ఒక తెలుగు కుటుంబం అద్దెకిచ్చే గదిలోకి మారాం. మంచాలు పాతవే, దుప్పట్లు మాత్రం ఉతికి ఎండలో ఆరేసినవి. అడగకుండానే ఆ ఇంటావిడ నాన్నగారికి వేడినీళ్లు పెట్టించారు. అన్నిటికన్నా ముఖ్యం, డాబా మీద నిలబడితే లైట్‌హౌస్ అడ్డం లేకుండా కనిపిస్తుంది. గోపాల్‌పూర్‌లో గది తీసుకునేటప్పుడు సముద్రం కనిపిస్తుందా అని కాదు, దీపం కనిపిస్తుందా అని అడగండి.

లైట్‌హౌస్‌లోకి సందర్శకులను సాయంత్రం పూటే రానిస్తారు. మధ్యాహ్నం ఎండలో వెళ్లి మూసిన గేటు చూసి వెనక్కి రావద్దు, వేళలు ముందే కనుక్కోండి. మెట్లు మెలికలు తిరుగుతూ పోతాయి. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు మూడుచోట్ల ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఎవరి సాయమూ వద్దంటూ ఎక్కారు. పైన గాలి కొడుతుంది, పిల్లల చెయ్యి వదలకూడదు. ఒకవైపు ఇసుక, నురగ, తెప్పలు. మరోవైపు సరుగుడు తోటలు, ఊరి కప్పులు.

నాన్నగారు లెక్కల మాస్టారు. ఎత్తు ఎన్ని మీటర్లో దాని వర్గమూలాన్ని సుమారు 3.6తో గుణిస్తే సముద్రం అంచు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుందని అక్కడే చెప్పారు. ఇసుకలో నిలబడ్డ మనిషి చూపు 5 కిలోమీటర్లయినా పోదు. అదే మనిషి 36 మీటర్లు ఎక్కితే 20 కిలోమీటర్లు దాటుతుంది. దీపాన్ని అంత ఎత్తున పెట్టడం ఎందుకో మా అబ్బాయికి ఆ ఒక్క లెక్కతో అర్థమైంది.

పాతకాలంలో లైట్‌హౌస్‌లలో నూనె దీపాలు ఉండేవి. కావలివాళ్లు రాత్రంతా మేలుకుని వాటిని చూసుకునేవారు. ఇప్పటి ఏర్పాటు వేరు. పగటి వెలుగు తగ్గగానే సెన్సరు గుర్తించి దీపం వెలిగిస్తుంది. ఒక బల్బు పోతే మరొకటి దాని స్థానంలోకి వస్తుంది. కరెంటు పోతే బ్యాటరీలు, జనరేటరు అందుకుంటాయి. మనుషులకు ఆ నిద్రలేమి తప్పడం మంచిదేనని నా అభిప్రాయం. తుపాను రాత్రి ఆ ఎత్తున మనిషి కూర్చోవలసిన అవసరం లేకపోవడం చిన్న విషయం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ దగ్గరే.

ఇక్కడి నోలియా జాలర్ల ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన పక్కన నాన్నగారు చాలాసేపు కూర్చున్నారు. ఆ పెద్దాయన తన కాలి బొటనవేలికి వల అంచు తగిలించి బిగువుగా లాగి, తెగిన వలకన్ను దగ్గర దారం రెండు చుట్లు తిప్పి ముడి వేస్తున్నారు. చెయ్యి ఆగదు, మాట ఆగదు. “ఫోనులో దారి కనిపిస్తుంది మాస్టారూ, కానీ తడి చేత్తో దాన్ని ఎక్కడ తీస్తాం? తల ఎత్తితే దీపం కనబడాలి” అన్నారు. ఇక్కడ అలలు ఒడ్డు దగ్గరే విరుచుకుపడతాయి. స్నానానికి దిగాలనుకుంటే ముందు ఇలాంటి వాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే వద్దు.

పాత రేవు గోడలు, స్తంభాలు చూడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా నాన్నగారు అక్కడ చెప్పులు విడిచి నిలబడ్డారు. ఒకప్పుడు ఇక్కడి నుంచి ఓడలు రంగూన్ వెళ్లేవి. మా తాతయ్య అన్నగారు ఎక్కింది ఇక్కడే, తిరిగి రాలేదు.

భోజనం సంగతి, చేపల వేపుడు తాజాగా ఉంది, శాకాహారులకు అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) దొరుకుతాయి. అప్పడాలు, పచ్చళ్లు బరంపురంలో కొనుక్కోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది.

రెండో రాత్రి డాబా మీద చాప వేసుకున్నాం. ఏ దీపానికి ఆ దీపం మెరుపుల లెక్క వేరు. కళింగపట్నం దీపాన్ని చూసి గోపాల్‌పూర్ అనుకోకుండా నావికుడిని కాపాడేది ఆ లెక్కే. నాన్నగారు ఒక మెరుపు నుంచి తర్వాతి మెరుపు దాకా వేళ్లు మడుస్తూ లెక్కపెట్టారు. ప్రతిసారీ అదే అంకె. మాకు నిద్ర ముంచుకొచ్చినా ఆయన అలాగే కూర్చున్నారు.

తెల్లవారుజామున తెప్పలు నీళ్లలోకి తోస్తున్న కేకలకు లేచాను. తూర్పున వెలుగు రేఖ. నాన్నగారి వేళ్లు ఇంకా మడుచుకుంటూనే ఉన్నాయి. అంకె పూర్తయింది, మెరుపు రాలేదు. ఆయన మడిచిన వేళ్లు అలాగే పట్టుకుని కాసేపు లైట్‌హౌస్ వైపు చూసి, “తెల్లారిందని దానికీ తెలిసిపోయింది” అంటూ చాప చుట్టారు.