నగర్‌కోటా, సారంగ్‌కోటా: నేపాల్‌లో సూర్యోదయానికి ఏది మేలు?

నేపాల్ వెళ్లి తెల్లవారుజామున హిమాలయాలు చూడాలి, ఆ తర్వాత పల్లెల మధ్య కాస్త నడవాలి అనుకునేవాళ్లకు రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి ఖాట్మండూకు తూర్పున 32 కిలోమీటర్ల దూరంలో ఉన్న నగర్‌కోట్, రెండోది పోఖరా నగరం పైనున్న సారంగ్‌కోట్. పూన్ హిల్ పేరు కూడా ఎవరో ఒకరు చెప్తారు. అది 3,210 మీటర్ల ఎత్తు, దారిలో వేల రాతిమెట్లు. తేలికపాటి నడక కోరేవాళ్లు దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

కొండల అందం ఒక్కటే చూస్తే సారంగ్‌కోట్‌దే పైచేయి. దాని ఎత్తు 1,600 మీటర్లకు అటూఇటూ. నగర్‌కోట్ 2,100 మీటర్లు దాటుతుంది. అయినా సారంగ్‌కోట్‌లోనే మంచుకొండలు మీదికి వస్తున్నట్టు ఉంటాయి, ఎందుకంటే అక్కడికి అన్నపూర్ణ శ్రేణి అంత దగ్గర. పోఖరా 800 మీటర్ల ఎత్తులో ఉంటే, దాని వెనకే 6,993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే నిలబడి ఉంటుంది. పేరు మన మత్స్యపుచ్ఛమే, చేపతోక. కానీ పోఖరా నుంచి చూస్తే తోక కనబడదు, ఒకే మొన తేలిన శిఖరంలా ఉంటుంది. రెండుగా చీలిన కొన చూడాలంటే పడమటి వైపుకు వెళ్లాలి. సూర్యుడు కుడిచేతి వైపు నుంచి వస్తాడు కాబట్టి లోయ ఇంకా చీకట్లో ఉండగానే శిఖరాల అంచులు ఎర్రబడటం బాగా కనిపిస్తుంది.

నగర్‌కోట్‌లో కొండలు దూరంగా, పొడవాటి వరుసలా ఉంటాయి. గణేశ్ హిమాల్, లాంగ్‌టాంగ్, గౌరీశంకర్ ఇలా ఒక్కొక్కటే పోల్చుకోవాలి. ఎవరెస్టు కూడా కనిపిస్తుందని ఊరిస్తారు. నిజమే, ఆకాశం బాగా తేటగా ఉన్న రోజున చిన్న మొన కనిపిస్తుంది. దానికోసమే వెళ్తే మాత్రం నిరాశ తప్పదు.

ఇంతా చెప్పి నా ఓటు నగర్‌కోట్‌కే. కారణం నడక.

సూర్యోదయం అరగంట ముచ్చట. మబ్బు పడితే అదీ ఉండదు. నగర్‌కోట్‌లో మబ్బు పట్టినా రోజు వృథా కాదు. తేల్‌కోట్ మీదుగా చాంగునారాయణ్ వరకు నాలుగు గంటల దారి ఉంది. ఎక్కువ భాగం దిగుడే. మెట్ల పొలాలు, పైన్ చెట్లు, గుమ్మాల ముందు ఎండబెట్టిన మొక్కజొన్న కంకులు చూస్తూ నడవొచ్చు. కొంతమేర మట్టిరోడ్డు మీద బండ్ల దుమ్ము తప్పదు. చివర్లో కొండమీద విష్ణు గుడి, యునెస్కో గుర్తించిన ఖాట్మండూ లోయ కట్టడాల్లో ఒకటి. అక్కడ సా.శ. 464 నాటి మానదేవుడి సంస్కృత శాసనం ఉంది. తండ్రి పోయాక సహగమనానికి సిద్ధపడిన తల్లి రాజ్యవతిని ఆ రాజు బతిమాలి ఆపిన సంగతి అందులో చెక్కించాడు. రాజుల శాసనాల్లో యుద్ధాలు, దానాలే తప్ప ఇలాంటి ఇంటి కబురు ఎన్నిసార్లు దొరుకుతుంది? గుడి నుంచి భక్తపూర్ ఆరేడు కిలోమీటర్లే, బస్సు ఉంటుంది.

సారంగ్‌కోట్ నుంచి ఫేవా సరస్సుకు కాలిదారి ఉంది గానీ రాతిమెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్లు పట్టేస్తాయి. శిఖరం గట్టు వెంబడి నౌదాండా వైపు నడవడం నయం. నడవలేని పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం మాటే లేదు, సారంగ్‌కోటే. పోఖరాలో పడుకుని తెల్లారుజామున టాక్సీ ఎక్కితే చాలు. కేబుల్ కారు కూడా వచ్చింది. అయితే ఖాట్మండూ నుంచి పోఖరాకు 200 కిలోమీటర్ల కొండరోడ్డు, రోజంతా పడుతుంది. విమానమైతే అరగంట. మొత్తం మూడు నాలుగు రోజులే ఉంటే ఇంత తిరుగుడు దండగ.

ఎటు వెళ్లినా అక్టోబరు, నవంబరు మంచివి. మార్చి, ఏప్రిల్‌లో పొగమంచులాంటి మసక కమ్ముతుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. నగర్‌కోట్‌లో అయితే ముందురోజు రాత్రే ఉండిపోండి, ఖాట్మండూ నుంచి తెల్లవారుజామున మూడున్నరకు లేచి పరుగెత్తే టెన్షన్ ఉండదు. అలారం పెట్టేటప్పుడు ఒక్కమాట: నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది.