లేబుల్ లేని ఎలుకల మందు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి

"హెర్బల్ ర్యాట్ కేక్, పిల్లలకీ పెంపుడు జంతువులకీ హాని లేదు" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నీలం బిళ్ళల గురించి ఈ హెచ్చరిక. కొన్నవాళ్ళకి అందిన సరుకు ఇలా ఉంటోంది: జిప్ ఉన్న పారదర్శక కవరు, లోపల నీలం కేకులు, పైన ఎలుక బొమ్మ స్టిక్కరు. మందు పేరు లేదు, శాతం లేదు, తయారీదారు చిరునామా లేదు, బ్యాచ్ నంబరు లేదు, విరుగుడు ఊసే లేదు. అడిగితే "అంతా ఆయుర్వేదిక్ సార్" అంటున్నారు. వాపస్ తీసుకోమంటే ఈ ఐటమ్‌కి రిటర్న్ లేదంటున్నారు. వారపు సంతల్లో, బస్టాండ్ల దగ్గర కాగితంలో పొట్లం కట్టి అమ్మే నల్ల పొడిదీ ఇదే కథ.

ఎలుకని చంపగలిగిన కేకు పిల్లికీ పిల్లాడికీ ఏమీ చేయదన్న మాట నమ్మకండి. ఎలుక తిని చచ్చేది అందులో మందు ఉండబట్టే. ఆ మందు ఏమిటో రాయకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

ఎందుకంటే ఎలుకల మందు అంటే ఒకటి కాదు. బ్రోమోడయోలోన్ లాంటివి ఒంట్లో విటమిన్ కె పనిని ఆపేస్తాయి, రక్తం గడ్డకట్టదు. తిన్న రోజు ఏమీ కనబడదు. రెండు మూడు రోజులకి చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు. దీనికి విటమిన్ కె1 ఉంది, వారాల తరబడి ఇవ్వాల్సి రావచ్చు. జింక్ ఫాస్ఫైడ్ అలా కాదు. వెల్లుల్లి వాసన వచ్చే నల్ల పొడి అది. కడుపులో ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ గ్యాసు పుట్టి గంటల్లోనే గుండె మీద, బీపీ మీద దెబ్బకొడుతుంది. విటమిన్ కె ఇక్కడ పనికిరాదు. మూడోది ఎల్లో ఫాస్ఫరస్ పేస్టు. మొదటి రోజు వాంతులు, తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు, ఆ తర్వాత లివర్ దెబ్బతింటుంది. ఆ మధ్య రోజుల్లో "తగ్గిపోయింది కదా" అని ఇంటికి తీసుకుపోవడమే కొంప ముంచుతుంది. 3 శాతం ఎల్లో ఫాస్ఫరస్ ఉండే ఈ పేస్టుని తమిళనాడు ప్రభుత్వం నిషేధించింది. మన ఊళ్ళో ఎవరైనా చూపించినా వద్దనండి.

డ్యూటీలో ఉన్న డాక్టరు మొదట అడిగేది "ఏ మందు?" అనే. ఖాళీ జిప్ కవరు చూపిస్తే ఆయన చేయగలిగింది ఊహించడమే.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నాటి నిబంధనలు ఎలుకల మందులకి కూడా వర్తిస్తాయి. కేంద్ర రిజిస్ట్రేషన్ కమిటీ దగ్గర రిజిస్టర్ కాని మందు తయారుచేయడానికి వీల్లేదు. ప్యాకెట్ మీద సీఐఆర్ అనే అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, తయారైన తేదీ, గడువు తేదీ, మందు పేరు శాతంతో సహా, విరుగుడు వివరం ఉండాలి. లోపల కరపత్రం ఉండాలి, అందులో హిందీ, ఇంగ్లిషుతో పాటు ప్రాంతీయ భాష కూడా ఉండాలి. మూలమీద నిలబెట్టిన చదరం, అదే మనం డైమండ్ గుర్తు అనేది, లేబుల్ వైశాల్యంలో పదహారో వంతుకి తగ్గకూడదు. కింది సగం రంగు చూడండి: ఎరుపు అంటే అత్యంత విషం, పసుపు దాని తర్వాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఆకుపచ్చ అంటే హాని లేదని కాదు, చాలామంది పొరపడేది ఇక్కడే. ఇక కేకు రంగు నీలమైనంత మాత్రాన ఆ మందు డైమండ్‌లోని నీలం తరగతికి చెందినదని కాదు. ఆ రెంటికీ సంబంధమే లేదు.

కిరాణా కొట్టు సంగతి ఇంకో తిరకాసు. తినే సరుకులు నిల్వ ఉంచే, అమ్మే భవనంలో పురుగుమందులు పెట్టకూడదని నిబంధన. ఇంటి వాడకానికని నిబంధనల ప్రకారం ప్యాక్ చేసి లేబుల్ వేసినవాటి చిల్లర అమ్మకానికి మాత్రం మినహాయింపు ఉంది. అంటే కందిపప్పు పక్కన సీలు వేసిన ప్యాకెట్ ఉండొచ్చు. డబ్బాలోంచి చెంచాతో తీసి పొట్లం కట్టిచ్చే పొడి ఉండటానికి వీల్లేదు. ఆన్‌లైన్ అమ్మకాలకి 2022 నవంబరులో నిబంధనలు సవరించారు: లైసెన్సు ఉన్నవాళ్ళే అమ్మాలి, ఆ లైసెన్సు సరైనదో కాదో చూసుకునే బాధ్యత ప్లాట్‌ఫామ్‌ది. కాబట్టి "మేం మధ్యవర్తులం మాత్రమే" అనే కస్టమర్ కేర్ జవాబుతో ఊరుకోకండి.

రైతులు మోసపోయేది శాతం దగ్గర. బ్రోమోడయోలోన్ రెండు రూపాల్లో వస్తుంది: 0.005 శాతం నేరుగా పెట్టే బిళ్ళ, 0.25 శాతం కలుపుకునే పొడి. పొడి 50 రెట్లు గాఢం. ప్యాకెట్ మీద శాతం లేకపోతే ఈ రెంటిలో ఏది చేతిలో ఉందో తెలియదు. బిళ్ళని నూకల్లో కలిపితే ఎలుక తిన్నా చావదు. పొడిని కలపకుండా పెడితే కోడి, కుక్క, పిల్లి పోతాయి. 0.25 శాతం పొడికి లెక్క ఇది: 480 గ్రాముల నూకలు, 10 గ్రాముల నూనె, 10 గ్రాముల మందు. మొత్తం 500 గ్రాముల ఎర, అందులో మందు మళ్ళీ 0.005 శాతమే. గ్లౌజులు వేసుకుని కర్రతో కలపాలి. చేత్తో కలిపితే మీకు ప్రమాదం, పైగా మనిషి వాసనకి ఎలుక ముట్టదు. సాయంత్రం పొలంలో కన్నాలన్నీ మట్టితో మూసేయండి. పొద్దున తెరిచి ఉన్నవే ఎలుకలున్న కన్నాలు. ఒక్కోదాంట్లో 10 నుంచి 15 గ్రాముల పొట్లం లోపలికి తోసి మూసేయాలి. గట్టు మీద చల్లితే అది పిట్టలకి పెట్టినట్టే. వరి పొట్ట దశకి రాకముందే, చుట్టుపక్కల రైతులంతా కలిసి చేస్తేనే ఫలితం. ఒక్కరే చేస్తే వారం తిరిగేసరికి పక్క పొలం ఎలుకలు వచ్చి ఆ కన్నాల్లోనే చేరతాయి.

మందు పెట్టిన మర్నాడు ఎలుక తిరుగుతూ కనబడితే "డూప్లికేటు" అనుకుని ఇంకా పెట్టేవాళ్ళున్నారు. బ్రోమోడయోలోన్ పనిచేయడానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఈలోగా ఎలుక తింటూనే ఉంటుంది, ఒంట్లో మందు పేరుకుంటుంది, మత్తుగా పగటిపూట బయట తిరుగుతుంది. దాన్ని సులువుగా పట్టేది గుడ్లగూబ, జెర్రిపోతు, ముంగిస, పెంపుడు పిల్లి. ఈ మందు వాటి కాలేయంలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. ఉచితంగా ఎలుకలు పట్టేవాళ్ళని మనమే చంపుకుంటున్నాం. జింక్ ఫాస్ఫైడ్ అలా పేరుకోదు, కానీ గింజల్లో కలిపేది కనుక నెమళ్ళు, పావురాలు నేరుగా తిని పోతాయి. నెమలి 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. పొలంలో నెమలి చచ్చిపడితే ఎలుకల కోసం పెట్టానంటే సరిపోదు.

చచ్చిన ఎలుకల్ని కాలువలో పారేయకుండా గ్లౌజులతో ఏరి, కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టండి. మిగిలిన ఎర కూడా అంతే.

ధాన్యం గోదాముల్లో పొగబెట్టడానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఇంట్లోకి అస్సలు తేవద్దు. వీటిని ప్రభుత్వ సంస్థలకీ, పర్యవేక్షణలో పనిచేసే పెస్ట్ కంట్రోల్ వాళ్ళకీ తప్ప అమ్మకూడదు. 3 గ్రాముల బిళ్ళలు పది, ఇరవై ఉండే ట్యూబు ప్యాకులను 2001లోనే పూర్తిగా నిషేధించారు. అయినా "గోడౌన్ బిళ్ళ" అని చేతిలో పెట్టే దుకాణాలున్నాయి. గాలిలో తేమకే ఫాస్ఫీన్ గ్యాసు వస్తుంది, తలుపులు వేసి ఏసీ పెట్టుకున్న గదిలో అది బయటికి పోదు. 2024 నవంబరులో చెన్నై శివారు కుండ్రత్తూరులో ఇంట్లో పెట్టించిన ఎలుకల మందు వల్ల ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిచినా లైసెన్సు చూడండి, ఏ మందు ఎక్కడ పెట్టారో కాగితం మీద రాయించుకోండి, పడకగదిలో పొడి పెడతామంటే ఒప్పుకోకండి.

ఇంట్లో ఒకటి రెండు ఎలుకలకి మందే అక్కర్లేదు. బోను లేదా స్ప్రింగ్ కత్తెర చాలు. అంగుళంలో పావు వంతు సందులోంచి చిట్టెలుక దూరుతుంది, కాబట్టి పైపుల చుట్టూ ఖాళీల్లో స్టీల్ పీచు కూరి సిమెంటు పూయండి. జిగురు అట్టలు కొనకండి. అవి వద్దని జంతు సంక్షేమ బోర్డు రాష్ట్రాలకు చెప్పింది, చాలా రాష్ట్రాలు నిషేధించాయి.

ఎవరైనా తిన్నారని అనుమానం వచ్చినా చాలు, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్ళండి. బాగానే ఉన్నారు కదా అని ఆగకండి. ఉప్పు నీళ్ళు తాగించి కక్కించొద్దు. పాలు, నూనె, నెయ్యి పట్టొద్దు: ఫాస్ఫరస్ కొవ్వులో కరుగుతుంది, ఇంకా తొందరగా ఒంటికి పడుతుంది. ప్యాకెట్, మిగిలిన మందు కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి. ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం 1800 116 117 రాత్రీ పగలూ పలుకుతుంది, డాక్టరు కూడా అక్కడ అడగవచ్చు.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. అక్కడ 2021 జనవరి నుంచి బ్రోమోడయోలోన్ లాంటి రెండో తరం మందులు, 2024లో డైఫాసినోన్, 2025లో వార్ఫరిన్, క్లోరోఫాసినోన్ (ఇవీ రక్తం గడ్డకట్టనివ్వని మందులే) కూడా కొన్ని మినహాయింపులు తప్ప ఆపేశారు. ఇండియా నుంచి సూట్‌కేసులో ప్యాకెట్లు తెప్పించుకోవద్దు. అమెరికాలో రిజిస్టర్ కాని మందు దిగుమతే నేరం.

ఇప్పటికే ప్యాకెట్ వచ్చేసినవాళ్ళు తెరవకండి, చెత్తబుట్టలోనూ వేయకండి. ముందు వెనక ఫొటోలు, అమ్మకపు పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు దాచి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టండి. ఊళ్ళో దుకాణమైతే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. పురుగుమందుల ఇన్‌స్పెక్టర్ అధికారాలు ఆయనకే ఉంటాయి, దుకాణంలో సీలు తీయని సరుకు నుంచి శాంపిల్ తీసి ల్యాబుకి పంపగలరు. ఫిర్యాదులో "మందు పనిచేయలేదు" అని రాస్తే అది రెండు వందల రూపాయల తగాదాగా మిగిలిపోతుంది. "రిజిస్ట్రేషన్ నంబరు, విరుగుడు వివరం లేకుండా అమ్మారు" అని రాయండి.