పాత జాతి కోళ్ల ఫారం: గుడ్లు అమ్మాలా, పిల్లలు అమ్మాలా, పెంచి అమ్మాలా? ఏది మేలు?

పాత జాతి కోళ్ల ఫారం పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా ఒకటే అడుగుతుంటారు, ఏ జాతి తీసుకోమంటారు అని. అసీలా, కడక్‌నాథా, రోడ్ ఐలాండ్ రెడ్డా, ససెక్సా అని నెలల తరబడి తర్జనభర్జన పడతారు. నన్నడిగితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది మీరు ఏ దశలో అమ్ముతారన్నది. పొదిగించుకునే గుడ్లుగానా, ఒక్కరోజు పిల్లలుగానా, రెండు మూడు నెలలు పెంచాకనా, మాంసానికా? షెడ్డు ఎంత వేయాలి, మేత ఎంత పడుతుంది అన్నవి దీన్నిబట్టే ఉంటాయి, ఐదారేళ్లు గడిచాక మీ దగ్గర ఆ జాతి జాతిలా మిగులుతుందా లేదా అన్నది కూడా.

గుడ్లు అమ్మడంలో పెట్టుబడి తక్కువ. పిల్లలకు వేడినిచ్చే బ్రూడర్ అక్కర్లేదు, కరెంటు పోతే టెన్షన్ లేదు. రోజూ ఏరి, 13 నుంచి 18 డిగ్రీల మధ్య చల్లగా ఉన్న చోట సన్న కొన కిందికి పెట్టి, వారంలోపు పంపేస్తే చాలు. చిక్కంతా దారిలోనే. కుదుపులకు వెడల్పు కొనలో ఉండే గాలిగది కదిలిపోతుంది, వేడికి లోపల ఎదుగుదల మొదలై మధ్యలో ఆగిపోతుంది. మీ దగ్గర పదికి ఎనిమిది పిల్లలయ్యే గుడ్లు కొన్నవాళ్ల దగ్గర సగం కూడా కాకపోవచ్చు. వాళ్ల ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీలు నిలకడగా ఉందో లేదో, చివరి మూడు రోజులు తేమ పెంచారో లేదో మీకు తెలిసే దారి లేదు, మాట మాత్రం మీకే వస్తుంది. అందుకే స్వయంగా వచ్చి తీసుకెళ్లేవాళ్లకే గుడ్లు ఇవ్వడం మంచిది. అది కూడా అదే వారం గుడ్లు కొన్ని మీరూ పొదిగేసి, ఏడో రోజు చీకట్లో టార్చి పెట్టి ఎన్నింట్లో ఎర్రటి నరాలు కనిపించాయో లెక్క చెప్పగలిగితేనే. ఇంకో సంగతి, పుంజును మార్చిన వెంటనే గుడ్లు అమ్మకండి. పాత పుంజు బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు బతికే ఉంటుంది, ఆ లోపు పెట్టిన గుడ్డుకు తండ్రి ఎవరో మీరు కచ్చితంగా చెప్పలేరు.

ఇక పిల్లలు. 21 రోజుల్లో పిల్లయిపోతుంది, ఆరిన వెంటనే అమ్మేయొచ్చు, మేత ఖర్చు దాదాపు లేదు. కడుపులో మిగిలిన సొన మీద రెండు రోజులకు పైగా బతకగలవు కాబట్టి దూరం పంపడమూ కుదురుతుంది. డబ్బు తొందరగా తిరగాలంటే దీన్ని మించింది లేదు, అందుకే ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. నా అభ్యంతరం కూడా ఇక్కడే.

పుట్టిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే అవుతాయి, చాలా పాత జాతుల్లో మొదటిరోజు చూసి ఆడా మగా చెప్పడం మామూలువాళ్ల వల్ల కాదు. పది పిల్లలు తీసుకెళ్లినవాళ్లకు ఏడు పుంజులు తేలితే మిమ్మల్నే అడుగుతారు. అది ఎలాగోలా సర్దుకోవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, ఒక్కరోజు పిల్లలో ముఖ్యమైన జాతి లక్షణాలు చాలావరకు కనపడవు. ఎముక, నిలువు, ఈకల రంగు, ఎదిగే వేగం, గుణం అన్నీ నెలల తర్వాత బయటపడేవే. వచ్చిన పిల్లనల్లా ఆ రోజే అమ్మేస్తుంటే మీ పుంజు ఎలాంటి సంతానాన్ని ఇస్తోందో మీరు ఎప్పటికీ చూడలేరు. వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకోవాల్సిన పెట్ట అందరికంటే ముందు ఆర్డర్ ఇచ్చినవాళ్ల పెరట్లో తిరుగుతుంటుంది, మీ దగ్గర అమ్ముడుపోనివి మిగులుతాయి. అలా నాలుగు తరాలు గడిస్తే పేరొక్కటే పాత జాతిది.

పెంచి అమ్మడం కష్టమైన దారి, అయినా నేను దీనికే ఓటేస్తాను. మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వేడి ఇవ్వాలి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి, కొక్కెర తెగులుకీ మశూచికీ టీకాలు వేళకు పడాలి, పోయేవి కొన్ని పోతాయి. మేత కళ్ల ముందే కరిగిపోతుంది. కానీ ఎనిమిది వారాలు దాటేసరికి ఆడా మగా తేలిపోతుంది, కొనేవాళ్లకు ఆ భయం పోతుంది, ఆ నిశ్చింతకు మంచి ధరే ఇస్తారు. అంతకంటే ముఖ్యం, ఏరుకునే అవకాశం మీకు దక్కుతుంది. ఎనిమిదో వారంలో ఒకసారి, పదహారో వారంలో ఒకసారి ప్రతి కోడినీ తూకం వేసి కాలి రింగు నంబరు పక్కన రాసుకోండి. చంకలో పెట్టుకుని రొమ్ము ఎముక మీద వేలు జార్చి చూడండి, నిటారుగా ఉందా, వంకర తిరిగిందా, రెండు పక్కలా కండ పట్టిందా. గుడ్లకు వచ్చిన పెట్టకైతే తోక కింద రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి, ఒక్క వేలు కూడా ఇరుకైతే అప్పుడు అది గుడ్లు పెట్టడం లేదన్నట్టే. ఈ పని చేసినవాళ్లు తమ మంద గురించి ఎలా మాట్లాడతారో విన్న ఎవరికైనా, కొంటే వీళ్ల దగ్గరే కొనాలనిపిస్తుంది.

మాంసం గురించి ఎక్కువ చెప్పను. బ్రాయిలర్ ఆరు వారాల్లో కోతకు వస్తుంది, పాత జాతి కోడికి పదహారు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కిలో బరువుకు తినే మేత కూడా బాగా ఎక్కువే. కాబట్టి మాంసమే ప్రధాన వ్యాపారం అనుకుంటే ధరలో బ్రాయిలర్‌తో పోటీ పడకూడదు, రుచి కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్లను ముందే చూసుకోవాలి. ఏరివేతలో మిగిలిన పుంజులకు మాత్రం ఇదే సరైన దారి, వాటిని విత్తనానికని ఎవరికీ అంటగట్టకండి.

పొదిగిన ప్రతి విడతలో కనీసం మూడో వంతు పిల్లల్ని, ఎవరెంత ఇస్తామన్నా అమ్మకుండా పెంచాలి. ఏవి ఉంచుకోవాలో మొదటిరోజు ఏరకండి, చేతికందినవి ఉంచండి, ఏరడం పదహారో వారంలో. మిగతావి పిల్లలుగా అమ్మి ఆ డబ్బుతో వీటి మేత నడపండి. మందను మూడు కుటుంబాలుగా విడదీసి, పెట్టపిల్లల్ని తల్లి దొడ్లోనే ఉంచి, పుంజుల్ని ఏటా పక్క దొడ్లోకి మార్చుకుంటూ పోతే దగ్గర రక్తం కలవడం బాగా తగ్గుతుంది. దగ్గర రక్తం కలిసిందంటే ముందు దెబ్బతినేది పొదుగే, గుడ్లు బాగానే ఉంటాయి కానీ పిల్లలు రావు. అసీల్ లాంటి జాతి తీసుకుంటే గుడ్లు తక్కువ గనుక అమ్మడానికి మిగిలే పిల్లలూ తక్కువే, మేత డబ్బు వేరే చోటి నుంచి చూసుకోవాలి. కడక్‌నాథ్ గుడ్లు కాస్త ఎక్కువ పెడుతుంది కానీ పొదుగుకు సరిగా కూర్చోదు, ఇంక్యుబేటర్ తప్పదు. మొదటి ఏడాది పెంచినవాటిలో ఒక్క పెట్టనూ బయటికి ఇవ్వకండి, పుంజుల్నే అమ్మండి. రెండో ఏడాది నుంచి పెట్టలు కావాలన్నవాళ్ల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టొచ్చు.