గాలివాన వెలిశాక ఫొటోలు: వెంటనేనా, మర్నాడు పొద్దున్నా?

ఆకాశం కోసమైతే వెంటనే. నేల మీద జరిగిన నష్టం కోసమైతే తెల్లారాక. రెండిట్లో ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం నేను పొద్దునకే ఓటేస్తాను.

వాన వెలవగానే కనిపించేవి మళ్లీ దొరకవు, నిజమే. ఉరుముల మబ్బు దాటిపోతుంటే దాని పైభాగం కమ్మరి దాగలిలా పరుచుకుంటుంది. దాని అడుగున ఒక్కోసారి సంచుల్లా వేలాడే మమ్మాటస్ మబ్బులు ఏర్పడతాయి. వాలుపొద్దు వాటి మీద పడితే ఆ రంగు కొద్ది నిమిషాలే. సూర్యుడు దిగంతం నుంచి 42 డిగ్రీల ఎత్తు కంటే కిందికి దిగి, ఎదురు దిక్కున ఇంకా చినుకులు పడుతుంటే ఇంద్రధనుస్సు వస్తుంది. లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే మెల్లగా తిప్పి చూడండి. ఒక కోణంలో రంగులు చిక్కబడతాయి, ఇంకో కోణంలో విల్లే మాయమైపోతుంది. పొద్దు కుంగే వేళ విల్లు మొత్తం పట్టాలంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరాకు 20 మి.మీ. లేదా అంతకన్నా తక్కువ మి.మీ. ఉన్న వైడ్ లెన్సు కావాలి. ఫోన్‌లోనైతే పనోరమా పెట్టుకోండి. వడగళ్లు కూడా ఆగవు, కరిగిపోకముందే పక్కన స్కేలు పెట్టి తీయాలి.

కానీ ఆ వేళే ప్రమాదం ఎక్కువ. చినుకు ఆగిన చోట కూడా పిడుగు పడుతుంది. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఇంట్లోంచి కదలకండి. ఆకాశం ఎంత అందంగా ఉన్నా సరే, కిటికీలోంచి వచ్చినంత చాలు. చీకట్లో తెగిపడిన కరెంటు తీగ కంటికి కనపడదు, నిలిచిన నీళ్లలో ఉంటే అసలే తెలియదు.

పొద్దున సంగతి వేరు. కూలిన ఒక చెట్టును నేను రాత్రి ఫ్లాష్ వేసి తీస్తే ఫొటోలో నల్లటి గుట్ట తప్ప ఏమీ రాలేదు. తెల్లారి అదే చోట నిలబడితే వేళ్లతో లేచిన మట్టి దిమ్మ, దాని కింద పగిలిన పైపు, గోడ మీద నీళ్లు నిలిచిన గీత అన్నీ కనిపించాయి. ఏటవాలు ఎండ పగుళ్లను పట్టిస్తుంది. మబ్బు పట్టి ఉంటే ఇంకా మంచిది, గట్టి నీడలు పడవు. చెట్లు ఏ వైపు ఒరిగాయో కూడా పగలే తెలుస్తుంది. అన్నీ ఒకే వైపుకో, ఒక చోటి నుంచి విసనకర్రలా బయటికో పడి ఉంటే మబ్బులోంచి కిందికి దూకిన గాలి పని అయ్యుండొచ్చు. ఒకదానికొకటి అడ్డంగా, లోపలి వైపుకు పడి ఉంటే సుడిగాలిని అనుమానించాలి. ఇది తెలియాలంటే మేడ మీది నుంచి ఒక్క ఫొటో అయినా ఉండాలి, అదీ రంపాలు రాకముందే.

బీమా కోసం తీసేవాళ్లు ఏదీ కదపకుండా ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి తీయండి. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా ఫైల్‌గా పంపండి. చాలా మెసేజింగ్ యాప్‌లు ఫొటోలోని తేదీ, చోటు వివరాలు తీసేస్తాయి.

పక్కవాళ్ల ఇల్లు కూలి ఉంటే, కెమెరా ఎత్తేముందు వాళ్లను అడగండి. వద్దంటే బ్యాగులో పెట్టేసి, చెత్త ఎత్తడానికి ఓ చెయ్యి వేయండి.