డేంజరస్ డేవ్ మళ్ళీ ఆడాను, ఇప్పటికీ పట్టేసుకుంటుంది

డేంజరస్ డేవ్ ఇప్పుడు కూడా కూర్చుని ఆడదగ్గ గేమే. చిన్నప్పటి మమకారం కొద్దీ అంటున్న మాట కాదు, ఈ మధ్య సాయంత్రాలు వరసగా కూర్చుని 10 లెవెల్స్ పూర్తిచేశాక చెప్తున్నాను. కొన్ని చోట్ల బాగా చిరాకు పెడుతుంది, అదీ చెప్తాను.

తెలియని వాళ్ళ కోసం: ఎర్ర టోపీ పెట్టుకున్న డేవ్ ఉంటాడు, ప్రతి లెవెల్లో ఎక్కడో ఒకచోట బంగారు కప్పు ఉంటుంది, అది తీసుకుంటే తలుపు తెరుచుకుంటుంది, అందులోంచి పోతే తర్వాతి లెవెల్. దారి పొడుగునా వజ్రాలు, ఉంగరాలు, కిరీటాలు, వాటి పక్కనే మంటలు, నీళ్ళు, ఊగే కలుపు మొక్కలు. ఏది తగిలినా ప్రాణం పోతుంది. జాన్ రొమేరో 1988లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం దీన్ని చేశాడు, ఫ్లాపీ మీద వచ్చే ఒక పత్రికలో తన వ్యాసంతో పాటు నమూనాగా ఇవ్వడానికి. మన దగ్గర అందరూ ఆడింది ఆ తర్వాత 1990లో వచ్చిన డాస్ (విండోస్‌కి ముందు పీసీల్లో నడిచిన వ్యవస్థ) వెర్షన్.

విజయనగరంలో మా వయసు వాళ్ళకి ఇది కంప్యూటర్ సెంటర్ గేమ్. ఇంట్లో సిస్టమ్ ఉన్నవాళ్ళు చాలా తక్కువ. వేసవి సెలవులు వస్తే గంటస్తంభం దగ్గర ఒక మేడ మీద సెంటర్లో డాస్, లోటస్ (లెక్కల పట్టికల ప్రోగ్రామ్) నేర్చుకోమని చేర్పించేవారు. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళడం, క్లాసు చివర్లో సారు చూసీ చూడనట్టు వదిలేస్తే నల్ల తెర మీద డేవ్ అని కొట్టి ఎంటర్ నొక్కడం, బొమ్మలు ఏ రంగుల పద్ధతిలో, సీజీఏనా ఈజీఏనా వీజీఏనా అని అది అడగడం, ఇవన్నీ గుర్తున్నవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉంటారు. ఒక్కో సిస్టమ్‌కి ముగ్గురం. ఒకరి చేతిలో బాణం కీలు, ఇంకొకరి వేలు కంట్రోల్ మీద తుపాకీకి సిద్ధంగా, మూడో మనిషి వెనక నిలబడి "దూకీ, దూకీ, ఇప్పుడు దూకీ" అని అరవడానికి. సిరిమాను పండక్కి విశాఖ నుంచి వచ్చిన మా అన్నయ్య ఒకసారి ఫ్లాపీలో కాపీ చేసి తెచ్చాడు, వీధిలో కంప్యూటర్ ఉన్న ఒకే ఒక్క ఇంట్లో పండగంతా డేవే.

సరే, ఇప్పుడు ఆడితే ఎలా ఉంది?

ముందు దూకడం గురించి చెప్పాలి, ఇలాంటి గేమ్‌కి ప్రాణం అదే. నింటెండో వాళ్ళ మారియో గేమ్‌లో కీ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తు ఎగురుతాడు, పరిగెత్తి ఆగితే కాస్త జారతాడు. డేవ్‌కి అవేవీ లేవు. ఎప్పుడు నొక్కినా ఒకటే ఎత్తు. మొదట ఇది మోటుగా అనిపిస్తుంది, చేతికి అలవాటైన కొద్దీ దీని గొప్పతనం తెలుస్తుంది, ఎందుకంటే లెవెల్స్ అన్నీ ఆ ఒక్క దూకుడు కొలత మీదే కట్టారు. ఎక్కడి నుంచి దూకాలన్నదే మన చేతిలో ఉంటుంది, ఎంత ఎత్తు అన్నది ఉండదు. ఒక చోట కింద వరసగా మంటలు, మధ్యలో ఒక్క ఇటుక వెడల్పు గట్టు, దాని పైన ఇంకో ఇటుక. గట్టు మధ్యలో నిలబడి దూకితే తల పై ఇటుకకి కొట్టుకుని ఆ దూకుడు అక్కడే తెగిపోతుంది, నేరుగా మంటలోకి. గట్టు చివరికంటా వచ్చి, సగం పాదం బయట పెట్టి దూకితే సాఫీగా దాటేస్తాడు. ఆ సగం పాదం తేడా కళ్ళకి కనబడదు, వేళ్ళకి తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు మనింటి మెట్లు చూడకుండా దిగుతాం చూడండి, అలాగ.

ఇంకొకటి, ఈ గేమ్ మనల్ని బలవంతపెట్టదు. లెవెల్ దాటడానికి కావాల్సింది కప్పు ఒక్కటే, వజ్రాలన్నీ మన ఆశ. 20,000 పాయింట్లకి ఒక ప్రాణం ఎక్కువ ఇస్తుంది కాబట్టి ఆశకీ ఒక లెక్క ఉంది. మంటల మధ్య ఎర్ర రాయి ఒకటి కనిపిస్తే 150 పాయింట్ల కోసం ఉన్న ప్రాణం పణం పెట్టాలా అని నిజంగా ఆలోచిస్తాం. చచ్చిపోతే లెవెల్ మొదట్లో నిలబెడుతుంది గానీ అంతవరకు తీసుకున్నవి మనవే, చంపిన శత్రువు మళ్ళీ లేవడు. ఇంత పాత గేమ్‌లో ఈ మర్యాద నాకు చాలా నచ్చింది.

జెట్‌ప్యాక్ దొరికే లెవెల్స్ అన్నిటికన్నా బాగుంటాయి. ఆల్ట్ నొక్కితే గాల్లోకి లేస్తాడు, మళ్ళీ నొక్కితే దిగుతాడు, కింద ఇంధనం గీత తగ్గుతూ ఉంటుంది. కదలకుండా గాల్లో నిలబడినా ఖర్చవుతూనే ఉంటుంది, అసలు టెన్షన్ అక్కడే. ముందు ఎటు పోవాలో నేల మీద ఉన్నప్పుడే తేల్చుకోవాలి. శత్రువులు ఒకే బాటలో గుండ్రంగా తిరుగుతూ, గోడలు కూడా లెక్కచెయ్యకుండా పోతూ మన మీదకి కాలుస్తారు. మనకి ఒకసారికి ఒక్కటే గుండు, అది దేనికైనా తగిలేదాకా, లేదా తెర దాటేదాకా రెండోది పేలదు. అందుకని గురి లేకుండా కాల్చామంటే అది పోయేదాకా చేతులు కట్టుకుని ఉండాలి. తుపాకీ, జెట్‌ప్యాక్ రెండూ ఆ లెవెల్‌తోనే సరి, తర్వాతి దానికి రావు.

చిరాకు పెట్టేది తెర మారే తీరు. డేవ్ అంచుకి రాగానే ఆట ఆగి, బొమ్మ మొత్తం ఒక్కసారి పక్కకి జరిగి, మళ్ళీ మొదలవుతుంది. అవతల ఏముందో ముందు తెలియదు. కొన్ని చోట్ల అడుగు పెట్టగానే ఎదురుగా గుండు వస్తుంది, తప్పించుకునే వీలే ఉండదు, అది నేర్పు మీద పెట్టిన పరీక్ష కాదు. దీని వెనక పెద్ద కథే ఉంది. అప్పట్లో పీసీలో తెరని మారియోలా నున్నగా జరపడం అసాధ్యం అనుకునేవారు. 1990 సెప్టెంబర్లో, రొమేరో పనిచేసే సాఫ్ట్‌డిస్క్ కంపెనీలోనే ఉన్న జాన్ కార్మాక్, మారిన గళ్ళని మాత్రమే తిరిగి గీసే ఉపాయం కనిపెట్టాడు. ఒకే రంగు ఆకాశం పక్కకి జరిగితే మళ్ళీ గీయాల్సిన అవసరం ఏముంది, అదే ఇందులో కిటుకు. ఆ రాత్రి అక్కడే పనిచేసే టామ్ హాల్‌తో కలిసి మారియో లెవెల్ ఒకటి పీసీ మీద కట్టి, అందులో మారియోకి బదులు మన డేవ్‌ని పెట్టి రొమేరో బల్ల మీద వదిలేశారు. పొద్దున్న అది చూసిన రొమేరోకి ఇక ఆ ఉద్యోగంలో ఉండే పని లేదనిపించింది. అక్కడి నుంచే ఆ డిసెంబర్లో నున్నగా జరిగే తెరతో కమాండర్ కీన్ గేమ్, 1991లో వాళ్ళ సొంత కంపెనీ ఐడీ సాఫ్ట్‌వేర్, 1993లో డూమ్ గేమ్. అంచుకొచ్చి తెర ఆగిన ప్రతిసారీ నాకు ఈ కథే మనసులో మెదిలింది, చిరాకు పోలేదు గానీ ఆ ఇబ్బందిని ఇంకో కంటితో చూడగలిగాను.

శబ్దం పీసీ స్పీకర్ కీచుకీచే, పాట లేదు. రాత్రిళ్ళు మ్యూట్ చేసుకోండి, ఏమీ పోదు.

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి, కూర్చోబెట్టాను. మొదటి లెవెల్లో మంటా లేదు, శత్రువూ లేదు, అంతా సాధనకే, అది చకచకా దాటేసింది. తర్వాత "పిన్నీ, ఇందులో సేవ్ ఎక్కడుంది?" అంది. లేదమ్మా, ప్రాణాలైపోతే మొదటి నుంచే అన్నాను. మొహం చిన్నబుచ్చుకుంది గానీ లేవలేదు. లెవెల్ అవ్వగానే డేవ్ నడుచుకుంటూ పోతుంటే ఇంకా ఇన్ని ఉన్నాయి అని ఇంగ్లీషులో చెప్పే ఆ చిన్న తెర చూసి, ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ అన్నం చల్లారేదాకా కూర్చుంది. బొమ్మలు పాతవని ఒక్కసారి కూడా అనలేదు.

ఆడాలనుకుంటే పాత డాస్ గేమ్‌లని ఇప్పటి కంప్యూటర్లో నడిపే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ వేసుకోండి, ఉచితమే, ఆల్ట్ ఎంటర్ కలిపి నొక్కితే తెర నిండా వస్తుంది. బ్రౌజర్లో ఆడితే ఆల్ట్ నొక్కినప్పుడల్లా దృష్టి మెనూ మీదకి పోయి జెట్‌ప్యాక్ దెబ్బతింటుంది. ఫోన్లో ఇదే పేరుతో దొరికే నకళ్ళలో ఒకటి దించి చూశాను, చచ్చినప్పుడల్లా ప్రకటన, పైగా గాజు మీద వేలు పెట్టి సగం పాదం లెక్క కుదరదు. కీబోర్డ్ ఉంటేనే ఆడండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కిరీటాల జోలికి పోకుండా ముందు కప్పు, తలుపు చూసుకోండి, దారి తెలిశాక రెండోసారి దోచుకోవచ్చు. స్క్రీన్ అంచుల దగ్గర దొంగదారులు కూడా కొన్ని ఉన్నాయి, ఎక్కడెక్కడో నేను చెప్పను, వెతకండి. డేవ్ అయిపోయాక వరసగా కమాండర్ కీన్ కూడా ఆడండి, అప్పుడు ఆ నున్నగా జరిగే తెర విలువ తెలుస్తుంది. మా ఇంట్లో వచ్చే ఆదివారం నుంచి అదే.